ముక్కులో నూనె చుక్క

చిన్నోడికి నాలుగో నెల రాగానే డాలస్ నుంచి గుంటూరు వచ్చాం. బ్రాడీపేటలో మా పుట్టిల్లు. మర్నాడే అమ్మ, చిన్నప్పుడు నాకు నీళ్ళు పోసిన ఆవిణ్ణే పిలిపించింది. ఆవిడ పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లాణ్ణి బోర్లా వేసుకుని నువ్వులనూనెతో వీపు రుద్దుతుంటే చూస్తున్న నాకే నిద్ర ముంచుకొచ్చింది. అక్కడ ప్లాస్టిక్ టబ్బులో ఐదు నిమిషాల్లో కానిచ్చేసే స్నానం గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది కూడా.

ఒళ్ళు తుడిచాక ఆవిడ చిటికెనవేలు నూనెలో ముంచి, వాడి ముక్కుల్లో చెరో చుక్క వేసి ఉఫ్ మని ఊదింది. నేను కేకేసేలోపే అయిపోయింది.

"ఏంటే ఆ అరుపు? వాడు దగ్గనైనా దగ్గలేదు" అంది అమ్మ.

నా టెన్షనంతా అదే. నీళ్ళు పొరబోతే ఉక్కిరిబిక్కిరై దగ్గుతాం. నూనెకి అంత దగ్గు రాదు, చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోగలదు. అక్కడి సన్నటి నూగు దాన్ని పైకి తోయలేదు, మింగడానికొచ్చిన రక్షణ కణాలు అరిగించుకోలేవు. రోజూ కాస్త కాస్త చేరితే వాపు వస్తుంది. లైపాయిడ్ న్యుమోనియా అంటారు. ఎక్స్‌రేలో మామూలు న్యుమోనియాలా కనిపిస్తుంది గానీ యాంటీబయాటిక్స్‌కి తగ్గదు. నూనె వేస్తున్నామని మనం చెప్పకపోతే డాక్టరుకి తట్టకపోవచ్చు. ముక్కు మూసి ఆముదం పట్టడం మరీ ఘోరం. ఏడుస్తూ పీల్చే గాలితో పాటే లోపలికి పోతుంది.

"నిన్నూ ఇలాగే పెంచాం, నువ్వు బతకలేదా?"

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం టీకాకి వెళ్ళినప్పుడు అక్కడి పిల్లల డాక్టరు ముందే ఆ మాటెత్తాను. ముక్కులో, చెవిలో నూనె వద్దని ఆయనా అన్నారు. అమ్మ బుద్ధిగా తలూపింది. నేను చెబితే అమెరికా పిచ్చి, ఆయన చెబితే వైద్యం! సాంబ్రాణి పొగ గురించి కూడా అడగాల్సింది. ఒకే రోజు రెండు గొడవలకి ఓపిక లేక, ధూపం వరండాలో పెట్టించి ఊరుకున్నాను.

మర్నాడు నూనెగిన్నె పక్కన మా ఆరేళ్ళ పెద్దది కాపలా కూర్చుంది. నీళ్ళు పోసే ఆవిడ వేలు పైకి లేచినప్పుడల్లా, "ముక్కు నో అమ్మమ్మా, బొడ్డు ఓకే" అంటోంది. ఆవిడ నవ్వుతూ ఆ చుక్కని వాడి బొడ్డులోనే వేసింది.