ఖాళీ బండే ఎక్కువ తాగింది

మా బొలెరో పికప్ మదనపల్లె నుంచి టమాటా లోడుతో చెన్నై కోయంబేడు మార్కెట్టుకు వెళ్ళేటప్పుడు లీటరు డీజిలుకు 13.5 కిలోమీటర్లు ఇస్తూ, ఖాళీ క్రేట్లతో తిరిగి వచ్చేటప్పుడు 10.8 కిలోమీటర్లే ఇస్తోందని పోయిన వేసవిలో లెక్క తేలినప్పుడు, నేను ముందుగా నా లెక్కనే అనుమానించాను. బరువు మోసే బండికి డీజిలు ఎక్కువ కావాలనీ, ఖాళీ బండికి తక్కువ చాలుననీ ఎవరైనా చెబుతారు. పదేళ్ళుగా బండ్లు తిప్పుతున్న నేనూ అదే నమ్ముతూ వచ్చాను. మరో ఆరు ట్రిప్పులు అదే పద్ధతిలో కొలిచినా అంకెలు కాస్త అటూ ఇటూ కదిలాయే తప్ప తలకిందులైన ఆ వరుస మారలేదు.

కొలిచిన పద్ధతిని ముందు చెప్పాలి, ఎందుకంటే మైలేజీ గురించి మన వైపు జరిగే వాదనల్లో సగం కొలత సరిగా లేనందువల్ల పుట్టేవే. వెయ్యి రూపాయల డీజిలు పోయించి ముల్లు ఎంత కదిలిందో చూసి చెప్పే మైలేజీకి విలువ లేదు. ట్యాంకు నిండా పోయించి, బంకులో గన్ను మొదటిసారి దానంతటది ఆగగానే చాలించి, మీటరు అంకె రాసుకోవాలి. ప్రయాణం ముగిశాక మళ్ళీ అలాగే నింపించి, ఈసారి ఎన్ని లీటర్లు పట్టిందో దానితో తిరిగిన కిలోమీటర్లను భాగించాలి. బండి వాలుగా నిలబడి ఉంటే ఒకటి రెండు లీటర్లు తేడా వస్తుంది కాబట్టి వీలైనంత వరకు అదే బంకులో, అదే పంపు దగ్గర నింపించాలి. మామూలుగా మేము చెన్నైలోనే ట్యాంకు నింపుకొని వస్తాము, ఎందుకంటే తమిళనాడులో డీజిలు మన రాష్ట్రంలో కన్నా లీటరుకు నాలుగైదు రూపాయలు చవక. పోక వేరుగా, రాక వేరుగా తెలియాలన్న పట్టుదలతో ఆ నెలన్నర పాటు ట్రిప్పుకు నూరు రూపాయలకు పైగా నష్టమైనా రెండు చివరలా నింపించాను. ఆ డబ్బు వృథా పోలేదు.

ఈ అంకెలు చూపించినప్పుడు మా డ్రైవరు ఏమాత్రం తడుముకోకుండా, "కొండెక్కి రావాల కదన్నా, తాగకుండా ఎట్లొస్తాది?" అన్నాడు. మాట సబబుగానే ఉంది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 690 మీటర్ల ఎత్తున ఉంది, చెన్నై సముద్రం ఒడ్డునే ఉంది. అయితే ఆ ఎత్తు ఎంత డీజిలు తాగుతుందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. ఖాళీ క్రేట్లు, మనుషులు కలిపి మా బండి తిరుగు ప్రయాణంలో రెండు టన్నుల లోపే ఉంటుంది. రెండు టన్నులను 690 మీటర్లు పైకెత్తడానికి సుమారు 13.5 మెగాజౌళ్ళ శక్తి కావాలి. లీటరు డీజిలులో 36 మెగాజౌళ్ళ శక్తి ఉన్నా, ఇంజిను వేడి, సైలెన్సరులోంచి పోయే పొగ, గేర్లలో రాపిడి పోగా చక్రాలకు చేరేది అందులో మూడో వంతు కూడా ఉండదు. ఆ లెక్కన కొండ ఎక్కినందుకు అయ్యే ఖర్చు లీటరుంబావు. పోయేటప్పుడు లోడు బండి దిగుతూ వెళ్తుంది కాబట్టి, ఘాటులో బ్రేకులకు పోయింది పోగా ఒక లీటరు కలిసివస్తుందని అనుకున్నా, కొండ పేరు చెప్పి సమర్థించుకోగలిగినది రెండుంబావు లీటర్లే. 260 కిలోమీటర్ల దారిలో పోకకూ రాకకూ వచ్చిన తేడా మాత్రం దాదాపు ఐదు లీటర్లు. పైగా పోయేటప్పుడు మోసిన సరుకు వల్ల టైర్ల మీద పడే అదనపు భారానికి మరో మూడు లీటర్లకు పైగా ఎక్కువ కావాలి కదా; అది కూడా కలిపితే తిరుగు దారిలో ఐదారు లీటర్ల డీజిలు కొండకు గానీ బరువుకు గానీ సంబంధం లేకుండా పోతోందన్నమాట.

ఆ డీజిలును తాగుతున్నది గాలి. లోడు ఉన్నప్పుడు టమాటా నలుగుతుందనీ, మలుపుల్లో బండి ఒరుగుతుందనీ భయపడి మా డ్రైవరు 55, 60 దాటడు. మార్కెట్టులో సరుకు దించగానే బండి తేలికై, ఇంటి మీదికి మనసు పోయి, పుత్తూరు దాకా రోడ్డు బాగున్న చోటల్లా 80, 85లో తోలుతాడు. గాలి ఎదురొత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే 60 నుంచి 80కి వెళ్ళినప్పుడు వేగం మూడో వంతే పెరిగినా, గాలి ఎదురుతోపు దాదాపు 1.8 రెట్లు అవుతుంది. కారులాగా నున్నగా, పొట్టిగా ఉండే బండికి ఇది కొంత తక్కువగా తగులుతుంది గానీ, ముందు నిలువు అద్దం, వెనుక బల్లపరుపు తొట్టి, దాని మీద గోడలాగా పేర్చిన క్రేట్లు ఉన్న పికప్‌కు పూర్తిగా తగులుతుంది.

ఆ క్రేట్ల సంగతి నేను మొదట పట్టించుకోలేదు. ఒక్కొక్క ఖాళీ క్రేటు బరువు రెండు కిలోల లోపే కాబట్టి అరవై క్రేట్లయినా నూరు కిలోల చిల్లర, అది ఒక లెక్కా అనుకున్నాను. గాలికి బరువుతో పనిలేదు, అడ్డంతోనే పని. మనవైపు వాడే టమాటా క్రేట్లు ఖాళీ అయినంత మాత్రాన ఒకదానిలో ఒకటి ఇమిడిపోవు. నిండుగా ఉన్నప్పుడు ఎంత చోటు ఆక్రమిస్తాయో ఖాళీగా ఉన్నప్పుడూ అంతే. పోయేటప్పుడు నాలుగు వరుసల ఎత్తు పేరిస్తే క్యాబిన్ మీదికి జానెడు లేస్తాయి. వచ్చేటప్పుడు మా డ్రైవరు తెలిసిన వాళ్ళ ఖాళీ క్రేట్లు కూడా క్రేటుకు పది రూపాయల చొప్పున బాడుగకు వేసుకొని ఆరు వరుసలు పేరుస్తాడు, వాటి మీద కప్పిన పట్ట తాళ్ళు వదులై గాలికి పటపటలాడుతూ వస్తుంది. సరుకు లేని బండి, సరుకున్న బండి కన్నా రెండడుగులు ఎత్తుగా, గంటకు ఇరవై కిలోమీటర్లు ఎక్కువ వేగంతో గాలిని తోసుకుంటూ కొండెక్కుతోంది.

కారణం తెలిసినంత మాత్రాన పరిష్కారం తెలిసినట్టు కాదు కాబట్టి, రెండింటినీ వేరువేరుగా మార్చి చూశాము. ముందు వేగం ఒక్కటే తగ్గించాము: క్రేట్లు ఎప్పటిలాగే ఆరు వరుసలు, కానీ ఎక్కడా 62, 63 దాటకూడదు. ఎనిమిది ట్రిప్పుల సగటు 12.1 వచ్చింది, ట్రిప్పుకు రెండున్నర లీటర్లు మిగిలినట్టు. తరువాతి ట్రిప్పుల్లో అదే వేగంతో వస్తూ క్రేట్లను నాలుగు వరుసలకే పరిమితం చేసి, పట్టను నాలుగు వైపులా బిగించి కట్టించాను. సగటు 12.6కు చేరింది, మరో లీటరుకు కాస్త తక్కువగా మిగిలింది. రెండో మార్పు కూడా శాస్త్రం చెప్పినట్టే ఫలించినందుకు సంతోషించాను గానీ, బాడుగ పుస్తకం తెరిచేసరికి ఆ సంతోషం నిలవలేదు. పై రెండు వరుసల్లో ముప్పైకి పైగా క్రేట్లు పడతాయి, వాటి బాడుగ మూడు వందల పైచిలుకు. వాటిని వదులుకొని నేను మిగుల్చుకున్నది తొంభై రూపాయల డీజిలు. మైలేజీ పెరిగి ఆదాయం తగ్గే ఇటువంటి పొదుపు సరదాకు బండి తోలేవారికి సరిపోతుందేమో గానీ, నెలవాయిదా కట్టేవారికి సరిపోదు. ఆరు వరుసలూ మళ్ళీ ఎక్కాయి. పట్ట బిగించి కట్టడం, వేగం తగ్గించడం మాత్రం అలాగే ఉంచాము.

వేగం తగ్గించడానికి కూడా ధర ఉందని ఒప్పుకోవాలి. దారిలో ఊళ్ళు, ఘాటు, టోలుగేట్లు ఎటూ ఆపేవే కాబట్టి మొత్తం మీద పెరిగిన సమయం ముక్కాలు గంట. రాత్రంతా మేలుకొని బండి తోలిన మనిషికి ఆ ముక్కాలు గంట నిద్ర. "డీజిలు నీది, నిద్ర నాదన్నా" అని మా డ్రైవరు అన్న మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. చివరకు మిగిలిన డీజిలులో సగం విలువ అతనికే ఇచ్చేటట్టు మాట్లాడుకున్నాము, ఆ తరువాత మీటరు అంకెలు అతనే నాకన్నా శ్రద్ధగా రాస్తున్నాడు.

ఇక మా దారిలోని భాకరాపేట ఘాటు గురించి. తిరుపతి వైపు దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే డీజిలు మిగులుతుందని మన డ్రైవర్లలో పాతుకుపోయిన నమ్మకం ఉంది, కొందరు ఏకంగా ఇంజినే ఆపేస్తారు. పాత కాలపు పంపు ఇంజిన్ల సంగతి ఎలా ఉన్నా, డీజిలును కంప్యూటరు కొలిచి వదిలే కామన్ రైల్ ఇంజిన్లలో బండి గేరులో ఉండి యాక్సిలరేటరు మీద కాలు లేనప్పుడు, చక్రాలే ఇంజినును తిప్పుతుంటాయి కనుక కంప్యూటరు ఇంజెక్టర్లకు డీజిలును పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే ఇంజిను ఆగిపోకుండా తిరగడానికి తనకు కావలసిన డీజిలును తాను తీసుకోక తప్పదు. అంటే పొదుపు చేస్తున్నామనుకొని చేసే పనిలోనే ఖర్చు ఉంది. నిజానికి ఆ పావుగంట దిగుడులో మిగిలినా పోయినా అది టీ గ్లాసెడు డీజిలు, నా పుస్తకంలో ఆ తేడా కనిపించనే లేదు. అసలు నష్టం వేరే ఉంది: గేరు పట్టు లేని లోడు బండి బరువంతా బ్రేకుల మీదే పడి, అవి వేడెక్కి, సరిగ్గా మలుపులో పట్టు వదులుతాయి, ఇంజిను ఆపితే బ్రేకు నొక్కే బలాన్ని పెంచే బూస్టరూ పవర్ స్టీరింగూ కూడా పోతాయి. ఆ ఘాటులో ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్న పెద్ద డ్రైవర్ల మాటను మా బండిలో ఇప్పుడు నియమంగా పెట్టుకున్నాము.

మిగిలిన జాగ్రత్తల్లో ముందుగా చెప్పవలసినది టైర్ల గాలి. ఇనుప రాడ్డుతో టైరును కొట్టి శబ్దాన్ని బట్టి గాలి చాలునని చెప్పే అలవాటు మాకూ ఉండేది; గేజీ పెట్టి చూస్తే వెనుక టైర్లలో ఒకటి ఉండవలసిన దానికన్నా 12 పాయింట్లు (psi) తక్కువగా తేలింది. నాలుగు టైర్లలోనూ సగటున ఒక్కొక్క పాయింటు తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ కార్ల వంటి చిన్న బండ్లకు చెప్పే లెక్క. అంకె చిన్నదే అయినా గాలి ఖర్చు ఐదు పది రూపాయలే కాబట్టి దీనికన్నా చవకైన పొదుపు మరొకటి లేదు, టైరు అంచులు అరిగిపోకుండా మిగిలే డబ్బు వేరే. తెల్లవారుజామున బండి కదలక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎండలో యాభై కిలోమీటర్లు తిరిగి వచ్చాక గేజీ చూపే అంకె నిజమైనది కాదు. ఎంత పెట్టాలో తలుపు పక్కన అంటించిన స్టిక్కరు మీద లోడుకు వేరుగా, ఖాళీకి వేరుగా రాసి ఉంటుంది.

ఊరు చేరి బండి ఆపగానే నాలుగు చక్రాల బ్రేకులకు చెయ్యి దగ్గరగా పెట్టి చూడడం ఇంకొక అలవాటు. ఒకటి మిగతావాటికన్నా విపరీతంగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టుకొని ఉందన్నమాట. అలాంటి బండి బ్రేకు వేసుకొనే నడుస్తున్నట్టు లెక్క. మాకు ఎడమ వెనుక చక్రంలో ఇలాగే దొరికింది, మెకానిక్కు గంటలో సరిచేశాడు. క్లచ్చు మీద కాలు ఆనించి తోలడం, మార్కెట్టు గేటు దగ్గర వరుసలో అరగంటసేపు ఇంజిను వదిలేయడం వంటివి అందరికీ తెలిసినవే, నేను కొత్తగా చెప్పవలసినది లేదు. ఘాటు ఎక్కి వచ్చిన వెంటనే మాత్రం ఇంజినులోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో చల్లబడడానికి అర నిమిషం ఇంజినును అలా తిరగనిచ్చి ఆపడం మంచిది.

ట్యాంకు నిండా డీజిలు పోస్తే ఆ బరువుకే మైలేజీ పోతుందని వాదించే మిత్రుడొకరు ఉన్నారు. యాభై లీటర్ల బరువు 42 కిలోలు, అంటే సన్నపాటి మనిషి ఒకడు ఎక్కినట్టు. చెన్నై బంకులో మిగిలే నాలుగైదు రూపాయల ముందు అది లెక్కలోకి రాదు. డీజిలు పైపుకు తగిలిస్తే మైలేజీ పెంచే అయస్కాంతాన్ని కూడా ఒకాయన నాకు అమ్మజూపాడు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇటువంటి పరికరాలను నూటికి పైగా పరీక్షించి, చెప్పుకోదగ్గ పొదుపు ఇచ్చేవి దాదాపు ఏవీ లేవనే తేల్చింది కాబట్టి, ఆయనను నా నోటుబుక్కుతో పాటు బండిలో ఒక ట్రిప్పు రమ్మన్నాను. ఆయన రాలేదు.

ప్రస్తుతానికి తిరుగు దారి సగటు 12.2 దగ్గర నిలిచింది. ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే క్రేట్లు వాడితే బాడుగా పోకుండా గాలి అడ్డమూ తగ్గుతుంది. అయితే క్రేట్లు మావి కావు, మండీ వాళ్ళవి. మండీ యజమానితో ఒకసారి మాట్లాడి చూశాను. ఉన్న వేల క్రేట్లను ఏం చేసుకోమంటావని ఆయన అడిగాడు. వచ్చే సీజనుకు కొత్తవి కొనేటప్పుడు ఒక వంద అటువంటివి తెప్పించమని అడగాలనుకుంటున్నాను.