గోకలేదు

స్కాన్ చేస్తూ డాక్టరమ్మ మాట్లాడడం ఆపేశారు. లెక్క ప్రకారం నాకు తొమ్మిదో వారం. లోపల మాత్రం ఏడో వారం దగ్గరే ఆగిపోయింది, గుండె చప్పుడు లేదు. నొప్పి లేదు, రక్తం కనబడలేదు. ఆ పొద్దున వాంతి కూడా అయింది నాకు.

"గోకించుకోవాలా అమ్మా?" అని అత్తయ్యగారు ఒకటే ఏడుపు. ముప్పై ఏళ్ల కిందట ఆవిడకి డీ అండ్ సీ చేశారు, అంటే గర్భసంచి లోపల గోకి శుభ్రం చెయ్యడం. నెల రోజులు లేవలేదట. ఆ గోకడం అన్న మాటే రాత్రంతా నా బుర్రలో తిరిగింది.

దానంతటదే పడిపోతుందేమో ఆగి చూడొచ్చు, మాత్రలు వేసుకోవచ్చు, లేదా ఎంవీఏ, అంటే సిరంజితో గర్భసంచిలో ఉన్నది లాగేసే పద్ధతి, చేయించుకోవచ్చన్నారు డాక్టరమ్మ. మాది కోనసీమలో గోదారి మధ్య లంక ఊరు. చీకటి పడితే ఏరు దాటించే పంటు ఉండదు. అర్ధరాత్రి రక్తం ఎక్కువైతే ఏం చేస్తాం? ఎంవీఏకే ఒప్పుకున్నాను.

"గోకుతారా?" అని అడిగితే ఆవిడ సిరంజి తెచ్చి నా చేతిలో పెట్టారు. సూది మందు సిరంజి లాంటిదే, కానీ బాగా లావు, 60 మిల్లీలీటర్లది. ముందు రెండు బొత్తాలు. అవి నొక్కి పిడి వెనక్కి లాగితే లోపల గాలి లేకుండా అవుతుంది. చివర సన్నని ప్లాస్టిక్ గొట్టం తగిలించి బొత్తాలు వదిలితే గర్భసంచిలో ఉన్నది అందులోకి వచ్చేస్తుంది. కరెంటు అక్కర్లేదు. గోకడం మాని ఇలాగే చెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోందట.

ముందుగా మాత్రలు, తర్వాత గర్భసంచి ముఖద్వారం దగ్గర మత్తు ఇంజెక్షన్. అసలు పని పది నిమిషాలే. నొప్పి లేదని అబద్ధం చెప్పను. చివర్లో గర్భసంచి ముడుచుకుంటుంటే పొత్తికడుపు మెలిపెట్టేసింది. నర్సమ్మ నా భుజం వదల్లేదు. నా రక్తం ఓ నెగెటివ్, అందుకని ముందు ముందు కాన్పులకి ఇబ్బంది రాకుండా యాంటీ-డీ ఇంజెక్షన్ కూడా వేశారు. సాయంత్రం పంటుకి ఇంటికొచ్చేశాం.

గంటకి రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడిసినా, జ్వరమొచ్చినా, వాసన వచ్చినా పరిగెత్తుకు రమ్మన్నారు. అవేవీ రాలేదు. వారం పైన కొద్దికొద్దిగా కనబడి ఆగిపోయింది. అత్తయ్యగారు బాలింతకి పెట్టినట్టే వెల్లుల్లి కారం, బీరకాయ కూర పెట్టారు. ఆ కంచం ముందు కూర్చుంటేనే ఏడుపొచ్చేది.

స్కూటీ నడిపినందుకే పోయిందని ఊళ్లో అన్నారు. రెండు వారాలకి చెకప్‌కి అత్తయ్యగారినీ తీసుకెళ్లి, ఆవిడ ముందే డాక్టరమ్మని అడిగాను. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం క్రోమోజోముల తేడా వల్లేనని, స్కూటీకీ దానికీ సంబంధం లేదని చెప్పారు.

తిరిగొస్తుంటే పంటు మీద అత్తయ్యగారు చాలాసేపు గోదారి వైపే చూస్తూ కూర్చున్నారు.

"అయితే నాది కూడా, కాలవ నుంచి బిందెలు మోసినందుకు కాదేమోనే అమ్మాయ్" అన్నారు.