క్రికెట్ కళ్లతో బేస్‌బాల్ స్వింగ్ దిద్దొద్దు

మార్చి వచ్చిందంటే అమెరికాలో ఫ్రిస్కోలోనైనా ఎడిసన్‌లోనైనా కమ్మింగ్‌లోనైనా పిల్లల బేస్‌బాల్ మైదానాల కంచె పక్కన తెలుగు నాన్నలు కనిపిస్తారు. పిల్లవాడు ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) దగ్గరికి రాగానే కేకలు మొదలు. "మోచెయ్యి పైకెత్తు!" "ముందుకొచ్చి ఆడు!" "మణికట్టు తిప్పు!" మొదటిది పక్కనున్న అమెరికన్ తండ్రుల నోట విన్నది. మిగతా రెండూ మనం చిన్నప్పుడు నేర్చుకున్న క్రికెట్. ప్రేమతో అనే మాటలే, కానీ ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల స్వింగ్‌లో కనిపించే లోపాలు చాలావరకు వీటితోనే ముదురుతాయి.

క్రికెట్‌లో బంతి నేల తాకి లేస్తుంది. అది పడే చోటికి ముందుకాలు వేసి నిలువు బ్యాట్‌తో ఆడమంటాం. బేస్‌బాల్‌లో బంతి గాల్లోనే, కాస్త కిందికి వాలుతూ వస్తుంది. బ్యాట్ ఆ వాలుకు ఎదురుగా కొద్దిగా పైకి లేస్తూ వెళ్లాలి. అప్పుడే టైమింగ్ కొంచెం అటూ ఇటూ అయినా బంతి తగులుతుంది. బలం కూడా ముందుకు అడుగేసి వాలడంలో లేదు, తుంటి తిరగడంలో ఉంది. పైగా వ్యవధి తక్కువ. పన్నెండేళ్ల లోపు పిల్లలు ఆడే లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ సంస్థ) మేజర్స్ విభాగంలో పిచర్, అంటే బంతి వేసేవాడు, 46 అడుగుల దూరంలో నిలబడతాడు. గంటకు 60 మైళ్ల వేగంతో వేస్తే బంతి అర సెకనులో వచ్చేస్తుంది. పెద్దల దూరమైన 60 అడుగుల 6 అంగుళాల నుంచి అంతే వ్యవధిలో రావాలంటే దాదాపు 79 మైళ్ల బంతి వేయాలి. అందుకే ఒంట్లో అనవసరమైన కదలిక ఏదున్నా అది పిల్లవాడి సమయాన్ని తినేస్తుంది. బంతిని పిచర్ చేతిలోంచే చూడటం, తల నిలకడగా ఉంచడం, ఈ రెండూ క్రికెట్ నుంచి నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. మిగతావి ఆ మైదానంలోనే వదిలేయాలి.

స్వింగ్ దిద్దే ముందు బ్యాట్ చూడండి. వచ్చే ఏడాదికీ పనికొస్తుందని ఒక సైజు పెద్ద చెప్పులు కొన్నట్టు బ్యాట్ కొనే ఇళ్లు చాలా ఉన్నాయి. నాలుగడుగుల ఎత్తున్న ఎనిమిదేళ్ల పిల్లవాడికి 27 లేదా 28 అంగుళాల బ్యాట్, డ్రాప్ 10 లేదా 11 సరిపోతుంది. డ్రాప్ అంటే అంగుళాల్లో పొడవుకీ ఔన్సుల్లో బరువుకీ ఉన్న తేడా. డ్రాప్ 10 అయితే 28 అంగుళాల బ్యాట్ బరువు 18 ఔన్సులు. పరీక్ష తేలిక. కుడిచేతి వాటం పిల్లవాడు ఎడమ చేత్తో బ్యాట్ పట్టుకుని, చెయ్యి పక్కకు చాచి, భుజం ఎత్తులో 20 సెకన్లు నిలపాలి. ఈలోపే వణికినా కిందికి జారినా ఆ బ్యాట్ బరువే. లిటిల్ లీగ్‌లో ఆడేవాళ్లయితే కొనే ముందు దాని మీద యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉందో లేదో చూడండి. 2018 నుంచి చెక్కవి కాని బ్యాట్లకు అది తప్పనిసరి. పక్కింటివాళ్లు ఇచ్చిన, ఊళ్లు తిరిగి ఆడే ట్రావెల్ టీమ్ బ్యాట్ మీద వేరే సంస్థ ముద్ర ఉంటే అంపైర్ పక్కన పెట్టించేస్తాడు.

పట్టు వేళ్లలో ఉండాలి, అరచేతి లోతుల్లో కాదు. తలుపు తట్టేటప్పుడు తగిలే కణుపులు రెండు చేతులవీ దాదాపు ఒకే వరుసలోకి రావాలి. క్రికెట్ అకాడమీకి కూడా వెళ్లే పిల్లల్లో పై చెయ్యి పిడి వెనక్కి తిరిగిపోయి ఉంటుంది. దాంతో మణికట్టు బిగుసుకుపోతుంది. ఇది ఒక్క నిమిషంలో సరిచేయొచ్చు, కానీ ప్రతి బంతికీ ముందు గుర్తుచేయాలి.

ఇక అసలు సమస్య, కోచ్‌లు బ్యాట్ డ్రాగ్ అనేది. కంటికి దొరకదు, ఫోన్‌లో స్లో మోషన్ పెట్టాల్సిందే. పిల్లవాడి ఛాతీకి ఎదురుగా, ప్లేట్‌కి అవతలి పక్క, బంతి తగలనంత దూరంలో నిలబడి నడుము ఎత్తులో తీయండి. ముందుకాలి మడమ నేలకు ఆనిన ఫ్రేమ్ దగ్గర ఆపి, అక్కణ్నుంచి ఒక్కొక్కటే కదపండి. కుడి మోచెయ్యి పక్కటెముకల దగ్గరికి దిగి, చేతులు దానికంటే ముందుంటే అంతా బాగున్నట్టే. చేతులింకా భుజం దగ్గరే ఉండగా మోచెయ్యి బొడ్డు ముందుకి దూసుకొచ్చేస్తే అదే డ్రాగ్. బ్యాట్ మొన వెనక పడిపోతుంది, దాన్ని ఈడ్చుకురావాల్సి వస్తుంది. ఫలితంగా కుడిచేతి వాటం వాడైతే ఫస్ట్ బేస్ వైపు, అంటే కుడి పక్కకి, గీత బయట పడే ఫౌల్స్, లేకపోతే పైకి లేచే తేలిక క్యాచ్‌లు. బంతి ఆలస్యంగా ఆడుతున్నాడని మనం "తొందరగా తిప్పు" అంటాం. వాడు తొందరపడతాడు, మోచెయ్యి ఇంకా ముందుకు పోతుంది.

కారణాలు ముఖ్యంగా రెండు. ఒకటి బరువైన బ్యాట్. రెండోది మనం అరిచే "మోచెయ్యి పైకెత్తు" అన్న మాటే. భుజం ఎత్తుకు లేపిన మోచెయ్యి దిగి రావడానికి దూరం ఎక్కువ, దిగుతూ దిగుతూ ముందుకు జారుతుంది. కాబట్టి మొదట మోచెయ్యిని హాయిగా, నేలకు ఏటవాలుగా వేలాడనివ్వండి. తర్వాత టీ (బంతిని పైన నిలబెట్టి కొట్టే రబ్బరు స్టాండు) ఎత్తు పెంచి బంతిని ఛాతీ మట్టానికి తెచ్చి కొట్టించండి. బ్యాట్ మొన పడిపోయే పిల్లలు బంతి బదులు టీ రబ్బరుని కొడతారు. తప్పు చెప్పడానికి మీరక్కర్లేదు, ఆ చప్పుడే చెబుతుంది. ఐదు బంతులు, కాస్త విరామం, మళ్లీ ఐదు. చివర్లో చిన్న బ్యాట్‌తో, లేదా ఉన్న బ్యాట్‌నే సగానికి పైన పట్టుకుని, కుడి చేత్తో మాత్రమే ఐదారు మెత్తటి బంతులు. ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకోమనండి.

ముందుకు పడిపోవడం మన పిల్లల్లో ఎక్కువ. డ్రైవ్ ఆడే అలవాటు అది. బంతి తగిలే ఫ్రేమ్‌లో తల ముందు మోకాలి మీదికి వచ్చేసి, ముందుకాలు వంగి ఉంటుంది. నిజానికి ఆ క్షణంలో ముందుకాలు గట్టిపడి ఒంటిని ఆపాలి, అప్పుడే తుంటి తిరుగుతుంది. అడుగు వాడి పాదం పొడవు మించకూడదు. ముందు వేళ్లు ఆనాలి, తర్వాత మడమ. అడుగు వేయించి, "ఒకటి" అని లెక్కపెట్టి, అప్పుడు కొట్టించండి. అది కుదిరాక ఎల్ ఆకారపు వల వెనక, 15 నుంచి 20 అడుగుల దూరంలో కూర్చుని, చెయ్యి కింది నుంచి ఊపి నిదానంగా ఒకటి, వేగంగా ఒకటి వేస్తూ ఉండండి. డబ్బులు వేసి ఆడే బ్యాటింగ్ కేజ్ మెషీన్ ఈ లోపానికి మందు కాదు. అన్నీ ఒకే వేగంతో వస్తాయి, పిల్లవాడు లయకు ముందే ఊగిపోతాడు.

మణికట్టు తిప్పడం గురించి ఒక్క మాట. పుల్ షాట్‌లో బంతి కిందికి వెళ్లాలని మణికట్లు తిప్పుతాం. ఇక్కడ అలా చేస్తే బంతి నేల పట్టుకుని తిన్నగా షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) చేతుల్లోకి పోతుంది. తగిలే క్షణంలో పై చేతి అరచెయ్యి ఆకాశం వైపు, కింది చేతిది నేల వైపు ఉండాలి. తిప్పడం ఆ తర్వాత దానంతటదే జరుగుతుంది. టీని ప్లేట్ బయటి అంచుకు, కొంచెం వెనక్కి జరిపి, బంతిని సెకండ్ బేస్‌కి కుడివైపు కొట్టమనండి (ఎడమచేతి వాటం వాళ్లకు ఇదంతా తిరగేసి చూసుకోవాలి).

కాలు పక్కకు వేసి తప్పుకునే పిల్లల విషయంలో మాత్రం స్వింగ్ జోలికే పోకండి. అది భయం. ప్యాడ్లు లేవు, హెల్మెట్ ఒక్కటే ఉంది, ఎదురుగా తొమ్మిదేళ్ల పిచర్‌కి బంతి ఎటు పోతుందో వాడికే తెలియదు. భయపడటంలో వింత లేదు. "భయమెందుకురా" అనడం వల్ల అది పోదు, మన దగ్గర దాచుకోవడం మాత్రం నేర్చుకుంటారు. బంతి మీదికొస్తే ఏం చేయాలో నేర్పితే పోతుంది. ఒంటిని వెనక కూర్చునే క్యాచర్ వైపు, లోపలికి తిప్పాలి. గడ్డం ఛాతీకి ఆన్చాలి, బ్యాట్ కిందికి దించాలి, వీపు మీద పడనివ్వాలి. బయటికి తిరిగితే ఛాతీ, ముఖం బంతికి ఎదురవుతాయి. హెల్మెట్ పెట్టి, టెన్నిస్ బంతులతో, ముందు మెల్లగా, చెప్పి మరీ వేస్తూ పది పన్నెండుసార్లు చేయించండి. అమ్మాయిలైనా అబ్బాయిలైనా ఇది ఒకటి రెండు వారాల పని. ఆ తర్వాత ముందుకాలి మడమ వెనక నేల మీద సుద్దగీత గీసి, గీత తొక్కకుండా పిచర్ వైపే అడుగు వేయించండి.

ఇంటి దగ్గర టీ పెట్టే తీరులోనే చాలామంది పొరపడతారు. బంతి పిల్లవాడి బొడ్డుకి ఎదురుగా ఉండకూడదు. మధ్యలో వచ్చే బంతి కోసం టీ ముందుకాలి వేళ్లకు సూటిగా, బెల్టు ఎత్తులో ఉండాలి. లోపలి బంతికి ఇంకాస్త ముందు, బయటి బంతికి కొంచెం వెనక. కింద 17 అంగుళాల వెడల్పున్న ప్లేట్ ఒకటి వేయకపోతే పిల్లవాడు రోజుకొక చోట నిలబడతాడు.

వారానికి మూడు రోజులు, రోజుకు 25 నుంచి 30 బంతులు, పదిహేను ఇరవై నిమిషాలు చాలు. ఒకసారి ఒకే లోపం, దానికి రెండు వారాలు. కొత్త కదలిక మొదలుపెట్టిన వారం ఆట పాడవుతుంది, అది మామూలే. టీ మీద కుదిరాకే పక్కనుంచి వేయడం, ఆ తర్వాతే ఎదురుగా వేయడం. మ్యాచ్ రోజు, దాని ముందు రోజు స్వింగ్ గురించి ఏమీ అనొద్దు. జట్టు కోచ్ ఒక మాట వాడుతుంటే ఇంట్లోనూ అదే మాట వాడండి. రెండు గొంతులు రెండు రకాలుగా చెబితే పిల్లవాడు ప్లేట్ దగ్గర ఆలోచిస్తూ నిలబడిపోతాడు.

వీడియోలో దొరకనిది ఒకటుంది. క్రికెట్‌లో ఒక్క తప్పుతో ఇన్నింగ్స్ అయిపోతుంది కాబట్టి వికెట్ కాపాడుకోవడం మనకు నరాల్లో ఉంది. ఇండియా నుంచి వచ్చిన తాతయ్య, అమ్మమ్మ కూడా స్ట్రైకౌట్ అవగానే "అయ్యో, ఔటయిపోయాడే" అని నొచ్చుకుంటారు. ఇక్కడ పదిసార్లలో మూడు హిట్లు కొట్టేవాడు మేజర్ లీగ్‌లోనూ మంచి బ్యాటరే. ఔటవకూడదని ఆడే పిల్లవాడు సగం స్వింగ్ వేస్తాడు, తుంటి తిప్పకుండా చేతులతో తాకిస్తాడు. ఆ లోపం ఏ డ్రిల్‌తోనూ పోదు. గట్టిగా తిప్పి మిస్సయితే చప్పట్లు కొట్టండి, పెద్దవాళ్లకూ చెప్పి కొట్టించండి. ఇంటికెళ్లే కారులో విశ్లేషణ వద్దు, ఆకలేస్తోందా అని అడగండి.

రెండు ఆటలూ ఆడతామనే పిల్లలు పెరుగుతున్నారు, సంతోషం. టెక్సాస్ గ్రాండ్ ప్రెయిరీలో ఒకప్పటి బేస్‌బాల్ స్టేడియమే ఇప్పుడు క్రికెట్ వేదిక. 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించింది అక్కడే. ఒకటి మానిపించాల్సిన అవసరం లేదు. ఒకే రోజు రెండు ప్రాక్టీసులు మాత్రం పెట్టకండి. క్రికెట్ ఆడొచ్చిన మర్నాడు బేస్‌బాల్ ఉంటే, ముందు పట్టు చూసి, టీ మీద పది బంతులు కొట్టించి, అడుగు చిన్నదైందని తేలాకే ఎదురు బంతులు వేయండి.