లిమాలో పచ్చి చేప, పసుపు మిరప

పెరూ వెళ్ళేవాళ్ళకు లిమా సాధారణంగా విమానం మారే ఊరు. మచు పిచు చూడాలి, కుస్కోలో ఊపిరి అందక ఆయాసపడాలి, తిరిగి రావాలి. మాకు అలా జరగలేదంటే కారణం మా ఆడపడుచు కొడుకు. తిండి దగ్గర వాడికి రాజీ లేదు. "కొండలు ఎక్కడికీ పోవు అత్తా, ఆ రెస్టారెంటులో బల్ల దొరకడమే కష్టం" అంటూ విమానం టిక్కెట్ల కంటే ముందు భోజనం ఖాయం చేశాడు. మా ఆయన శాకాహారి. పచ్చి చేపకు పేరుపడ్డ ఊళ్ళో ఆయన ఏం తింటారన్నది అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఆగస్టులో లిమా ఆకాశం బూడిద రంగులో ఉంటుంది. ఎండ రాదు, అలాగని వానా పడదు. కళ్ళద్దాలు తుడుచుకునేంత తుంపర మాత్రం గాలిలో ఉంటుంది. దక్షిణం నుంచి తీరం వెంట సాగే హంబోల్ట్ చల్లని ప్రవాహం వల్ల ఇదంతా. ఆ చన్నీళ్ళే ఆ సముద్రాన్ని చేపలతో నింపాయి. నిమ్మరసంలో ఊరిన పచ్చి చేపను అక్కడ సెవిచె అంటారు. దాన్ని మధ్యాహ్నమే తింటారు. పాతకాలపు సెవిచె కొట్లు సాయంత్రానికల్లా తలుపులు మూసేస్తాయి. తెల్లవారి పట్టిన చేప మధ్యాహ్నానికి పళ్ళెంలోకి చేరాలని వాళ్ళ లెక్క. మా భోజనమూ ఒంటిగంటకే.

ఆకలి పెరగడానికని పొద్దున్నే సుర్కియో బజారుకు నడిచాం. నాకు అన్నిటికంటే నచ్చింది మిరపకాయల వరస. ఆహి అమరీయో అంటే పసుపు మిరప అట. కానీ పండిన కాయ నారింజ రంగులో, జానెడు పొడవున నిగనిగలాడుతోంది. దాని పక్కన రొకోతో అనే ఇంకో మిరప, గుండ్రంగా, ఎర్రగా, దళసరిగా. నేను అదేపనిగా చూస్తుంటే కొట్టు ఆవిడ ఒకటి కోసి చూపించింది. గింజలు నల్లగా ఉన్నాయి. మిరపకాయలో నల్ల గింజలు చూడటం అదే మొదలు. చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుంటే ముందు పండు వాసన తగిలింది, ఆ తర్వాత చెవుల దాకా మంట. మిరప పుట్టిల్లు ఈ ఖండమే. పోర్చుగీసు ఓడల్లో మన దాకా వచ్చి గుంటూరులో స్థిరపడింది వేరే జాతి. ఈ రెండు జాతులూ మన వంటిళ్ళకు రాలేదు. రాకపోవడం మనకే నష్టమని ఆ బజారులోనే తీర్మానించుకున్నాను.

రెస్టారెంటు బర్రాంకోలో ఉంది. చిత్రకారులు, సంగీతకారులు చేరిన పేటగా దానికి పేరు. ఎత్తైన కప్పున్న పాత ఇల్లు, గోడలకు పెచ్చులూడినట్టు కనిపించేలా ఖర్చుపెట్టి వేయించిన రంగు, మాట వినిపించనంత సంగీతం. పళ్ళేలకు బదులు నల్లరాతి పలకలు. మెనూలో ఒకే పేజీలో జపాన్, చైనా, పెరూ, ఇటలీ, చివర్న ఒక మూల "కర్రీ" కూడా. నాకు అనుమానం మొదలైంది. హైదరాబాద్‌లో ఆవకాయ పిజ్జా, గోంగూర పాస్తా తిన్న నోరు ఇది. రెండు వంటలను ఒకే పళ్ళెంలో కూర్చోబెట్టినంత మాత్రాన వియ్యం కుదరదు.

మొదట వచ్చిన తిరాదితో అనే పచ్చి చేప వంటకం ఆ అనుమానాన్ని చాలావరకు తుడిచేసింది. వంటవాడు మా ఎదుటే గట్టు మీద చేశాడు. పొడవాటి సన్నని కత్తితో చేప కండను ఒక్క లాగులో పలచని రేకుగా తీస్తాడు, తిరిగి కత్తిని వెనక్కి తోయడు. ఆ రేకులను ఒకదాని అంచు మీద ఒకటి పేర్చాడు. ఆహి అమరీయో, నిమ్మరసం కలిపిన పసుపుపచ్చని ద్రవాన్ని పలక మా ముందుకు తోసే క్షణంలోనే పోశాడు. తింటూ ఉండగానే రేకు అంచు పాలరంగుకు తిరుగుతోంది, నడుమ మాత్రం ఇంకా అద్దంలా ఉంది. పులుపు, ఉప్పు, ఆ తర్వాత నెమ్మదిగా కారం. నీచు వాసన లేనే లేదు. పక్కన ఉడికించిన చిలగడదుంప, బొటనవేలి గోరంత గింజల మొక్కజొన్న. మంట పుట్టినప్పుడల్లా దుంప ముక్క కొరికితే సర్దుకుంటుంది.

ఆ కోత జపానుది, ఆ రసం పెరూది. పూర్వం ఇక్కడ చేపను నిమ్మరసంలో గంటల తరబడి నానబెట్టేవారు. నిమిషాలు చాలునని చూపించింది జపాను నుంచి వచ్చిన వంటవాళ్ళు. వాళ్ళు షోకు కోసం వచ్చినవాళ్ళు కారు. 1899లో సకురా మారు అనే ఓడలో 790 మంది కయ్యావో రేవులో దిగి, తీరంలోని చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా చేరారు. గడువు తీరినవాళ్ళు, తీరకుండానే పారిపోయినవాళ్ళు లిమా చేరి మంగలి దుకాణాలు, కిరాణా కొట్లు, చిన్న పూటకూళ్ళు పెట్టుకున్నారు. వచ్చే గిరాకీ పెరూవాళ్ళది, వండే చెయ్యి జపానుది. 1940లో ఆ కొట్లనే అల్లరిమూకలు దోచుకున్నాయి. యుద్ధకాలంలో సుమారు 1,800 మందిని పెరూ ప్రభుత్వం పట్టి అమెరికాలోని నిర్బంధ శిబిరాలకు పంపింది. ఇవాళ ఆ వంటకే నిక్కేయి అని గౌరవంగా పేరుపెట్టి నెలల ముందు బల్లలు ఖాయం చేసుకుంటున్నారు. మిత్సుహారు త్సుముర 2009లో మీరాఫ్లోరెస్‌లో తెరిచిన మాయిదో, 2025లో ప్రపంచ యాభై ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అక్కడ మాకు చోటు దొరకలేదు. మేం తిన్నది వేరే చోట, పేరు చెప్పను. ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

కౌసా బాగుంది. నిమ్మరసం, పసుపు మిరప కలిపి మెదిపిన బంగాళాదుంప అది. సుషీలో అన్నం ఉండవలసిన చోట ఈ దుంప ముద్ద పెట్టి, పైన చేప రేకు పరిచారు. మా ఆయనకు చేప బదులు అవకాడో పెట్టి ఇచ్చారు. ఆయనకు తిరాదితో కూడా దక్కింది. అమెజాన్ అడవుల్లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు మొవ్వును రిబ్బన్లలా చీల్చి, అదే పసుపు రసం పోశారు. ఊదారంగు మొక్కజొన్నను లవంగం, దాల్చినచెక్క, అనాస తొక్కలతో మరిగించి చల్లార్చిన చిచా మొరాదా అయితే ఆయన రెండు గ్లాసులు తాగారు. మా బల్ల దగ్గర ఫిర్యాదు లేని మనిషి ఆయన ఒక్కరే.

ఆ తర్వాత వచ్చింది కర్రీ. కొబ్బరిపాలలో ఆల్చిప్పల మాంసం, మీద పసుపు నురగ. వడ్డించే అబ్బాయి భారతదేశపు సుగంధాల గురించి చాలాసేపు చెప్పాడు.

"చూడు అత్తా, మెనూలో మన దేశం కూడా ఉంది" అన్నాడు మా వాడు.

"దేశం లేదురా, డబ్బాలోంచి తీసిన పొడి ఉంది" అన్నాను. పోపు లేదు, వేయించిన ధనియాల జాడ లేదు. పచ్చిపసుపు వాసన గొంతులో నిలిచిపోయింది. అన్నిటికంటే ఎక్కువ ధర కూడా దానికే. జపాను వంట పెరూ వంటతో కలవడానికి వందేళ్ళకు పైగా పట్టింది, మధ్యలో మనుషులున్నారు. ఈ పళ్ళెంలో మాత్రం ఎవరూ లేరు.

బిల్లు చూశాక రాత్రి భోజనం చవకగా ముగించాలని ఏకగ్రీవంగా నిర్ణయించాం. పాతబస్తీలోని కాయె కపోన్ వీధిలో ఎర్రటి చైనా ద్వారం దాటితే అటూ ఇటూ చీఫాలే. పెరూలో చైనా హోటళ్ళకు అదే పేరు. 1849, 1874 మధ్య సుమారు లక్షమంది చైనా కూలీలను గ్వానో, అంటే ఎరువుగా వాడే పక్షిరెట్ట, తవ్వే దీవులకు, చెరకు, పత్తి తోటలకు తెచ్చారు. కూలి ఒప్పందంలో బియ్యం కూడా భాగం. కోరంగి, విశాఖ తీరాల నుంచి మారిషస్, నాటాల్ వెళ్ళిన మనవాళ్ళ సంగతే గుర్తుకొచ్చింది. చీఫాలో సంగీతం లేదు, ప్లాస్టిక్ బల్లగుడ్డలు. పక్క బల్ల మీద లోమో సల్తాదో: సోయా సాస్‌లో పెనుమంట మీద వేయించిన గొడ్డుమాంసం, ఉల్లిపాయ, టమాటా. దానితోపాటు బంగాళాదుంప వేపుడూ ఉంది, అన్నమూ ఉంది. ఆ కుటుంబం దాన్ని పెరూ వంట అంటుందే తప్ప వేరే పేరుతో పిలవదు.

ఇక్కడో జాగ్రత్త. "మాంసం వద్దు" అంటే ఇక్కడ గొడ్డుమాంసం వద్దనే అర్థం చేసుకుంటారు, కోడి మాంసం నిశ్చింతగా వేసి తెస్తారు. మా వాడు స్పానిష్‌లో కోడి, పంది, రొయ్య, హామ్ అంటూ ఒక్కొక్కటీ పేరుపేరునా తీసేయిస్తే, వడ్డించే పెద్దావిడ చివర్న గుడ్డు సంగతేమిటని అడిగింది. అదీ వద్దన్నాం. ఆమె మా ఆయన వంక జాలిగా చూసి, వేపుడన్నం పళ్ళెంతోపాటు ఉల్లికాడలు, సోయా మొలకలు విడిగా ఒక గిన్నె నిండా తెచ్చి పెట్టింది. దానికి డబ్బు తీసుకోలేదు. మేం ముగ్గురం తిని, 1935 నుంచి ఈ ఊరు తాగుతున్న పసుపురంగు ఇంకా కోలా పెద్ద సీసా ఖాళీ చేసినా, మధ్యాహ్నపు బిల్లులో పదో వంతు కాలేదు. ఆ కోలా మాత్రం మరీ తీపి.