పని అయిపోయాక కూడా ఆగని విలన్లు

మన సినిమాల్లో విలన్ క్రూరుడని చెప్పడానికి ఒక రెడీమేడ్ సీన్ ఉంటుంది కదా, వాడు ఎంట్రీలోనే సొంత మనిషినే ఒకణ్ణి టప్పున కాల్చేసి, చేతి మీద పడ్డ రక్తం తీరిగ్గా తుడుచుకుని, ఏం జరగనట్టు మీటింగ్ కంటిన్యూ చేస్తాడు, వెనక బీజీఎం అదిరిపోతుంటుంది. నాకైతే అలాంటోణ్ణి చూస్తే భయం వెయ్యదు సరికదా, వీడి దగ్గర పనిచెయ్యడానికి ఇంకా జనం ఎలా దొరుకుతున్నారబ్బా అని డౌటొస్తుంది. ఎంతమందిని చంపాడు, ఎంత ఘోరంగా చంపాడు అనే లెక్కతో క్రూరత్వం తేలదని నా గట్టి నమ్మకం.

నా దృష్టిలో తేడా ఎక్కడుందంటే, స్వార్థపరుడికి మనం అడ్డు, అంతే. మనం పక్కకి తప్పుకుంటే చాలు, చచ్చిపోయినా సరే, ఊరొదిలి పోయినా సరే, వాడికి ఒకటే. క్రూరుడికి అలా కాదు, మనం ఉండాలి. బతికుండాలి, కళ్ళు తెరుచుకుని చూడాలి, మనకి ఏం జరుగుతోందో మనకి తెలియాలి, మనకి తెలిసిందని వాడికి కనబడాలి.

భారతంలో దుర్యోధనుణ్ణి తీసుకోండి, ఒకే మనిషిలో రెండూ దొరుకుతాయి. వారణావతంలో లక్క ఇల్లు కట్టించాడు, తల్లితో సహా ఐదుగురినీ నిద్రలోనే తగలబెట్టించాలని ప్లాను. మహా ఘోరం, కాదనను. కానీ అక్కడ ఆయనకి కావాల్సింది సింహాసనానికి దారి క్లియర్ అవడం. దగ్గరుండి చూడాలని కూడా అనుకోలేదు, పని పురోచనుడికి అప్పజెప్పి తను హస్తినలో ఉన్నాడు. పాండవులు వాళ్ళంతట వాళ్ళే విరక్తి పుట్టి ఏ హిమాలయాలకో వెళ్ళి తిరిగి రాకపోయినా ఆయనకి వచ్చే ఫలితంలో తేడా లేదు.

ఇప్పుడు అరణ్యపర్వంలో ఘోషయాత్ర చూడండి. దీని గురించి మాట్లాడేవాళ్ళు కూడా గంధర్వులు దుర్యోధనుణ్ణి కట్టేశారు, ధర్మరాజు తమ్ముళ్ళని పంపి విడిపించాడు అనే దగ్గరే ఆగిపోతారు. అసలు ఆ ప్రయాణం ఎందుకు మొదలైంది? జూదం అయిపోయింది, రాజ్యం చేతికొచ్చింది, పాండవులు అడవుల్లో తిరుగుతున్నారు, ఇక ఆయనకి కొత్తగా కలిసొచ్చేది ఏమీ లేదు. అప్పుడు కర్ణుడు అంటాడు, కొడుకు పుట్టినా ధనం వచ్చినా రాజ్యం వచ్చినా కలగనంత సంతోషం శత్రువు కష్టాల్లో ఉంటే చూడ్డంలో ఉంటుందని. అక్కడితో ఆగితే ఏదో కోపంలో అన్నాడనుకోవచ్చు, ఆగడు, నీ భార్యలు మంచి మంచి బట్టలు కట్టుకుని వచ్చి, నారబట్టల్లో ఉన్న ద్రౌపదిని చూడాలి, అది చూసి ఆవిడ కుమిలిపోవాలి అంటాడు. డ్రెస్ కోడ్‌తో సహా ప్లాన్ చేశారన్నమాట. ముసలి రాజుకి మాత్రం పశువుల మందల లెక్క చూసుకొస్తామని సాకు చెప్పారు.

ఈ యాత్రలో ఎవర్నీ చంపాలన్న ఆలోచనే లేదు, ప్రాణాల లెక్క వేస్తే లక్క ఇల్లు ముందు ఇది అసలు నేరమే కాదు. అయినా నన్నడిగితే దుర్యోధనుడిలో నిజంగా క్రూరమైనది ఇదే అంటాను. లక్క ఇంటి వెనక ఒక రాజ్యం ఉంది. దీని వెనక ఏముంది? ఆవిడ మొహం ఎలా మాడిపోతుందో చూడాలన్న సరదా తప్ప ఇంకేం లేదు. (కర్ణుడి ఫ్యాన్స్ నన్ను తిట్టుకోవచ్చు, దానవీరశూరత్వం గురించి చెప్పేటప్పుడు ఈ సలహా ఎవరిదో కూడా చెప్పండి మరి.)

అందుకే నేను ఏ విలన్‌నైనా ఒకటే ప్రశ్నతో చూస్తా, వీడికి కావాల్సింది దొరికేశాక ఏం చేస్తున్నాడు అని.

షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లోలో విలన్ ఇయాగో ఉన్నాడు కదా, సేనాపతి ఒథెల్లో కింద పనిచేసేవాడు. తనకి రావాల్సిన పదవి కాసియోకి ఇచ్చారని వాడి మంట. సరే, అది స్వార్థం, అర్థమయ్యే స్వార్థం. కానీ మూడో అంకం చివరికే ఒథెల్లో ఆ పదవి వాడికి ఇచ్చేస్తాడు. నాటకం ఇంకా రెండు అంకాలు మిగిలి ఉంది! ఒథెల్లో భార్య డెస్డెమోనాకి కాసియోతో సంబంధం ఉందని అప్పటికే అబద్ధాలు చాలా చెప్పేశాడు, మధ్యలో ఆపితే దొరికిపోతాడు, కాబట్టి కంటిన్యూ చెయ్యక తప్పదు అని ఎవరైనా వాదించొచ్చు, ఒప్పుకుంటా. కానీ నాలుగో అంకంలో ఒక చిన్న మాట ఉంది. ఒథెల్లో భార్యని చంపడానికి విషం తెచ్చిపెట్టమంటాడు. ఇయాగోకి కావాల్సింది డెస్డెమోనా నోరు మూతపడటమే అయితే విషం సరిపోతుంది, ఇంకా సేఫ్ కూడా. వాడేమంటాడంటే, విషం వద్దు, మంచం మీదే గొంతు నులిమెయ్యండి, ఆవిడ అపవిత్రం చేసిన ఆ మంచం మీదే అంటాడు. భర్త తన చేతుల్తోనే చెయ్యాలి, ఆ మంచం మీదే చెయ్యాలి. ఈ ఐడియా వల్ల వాడికి నయాపైసా లాభం లేదు. నాకు మొత్తం నాటకంలో వెన్ను జలదరించేది ఇక్కడే, చివర్లో శవాలు పడ్డప్పుడు కాదు.

దీంట్లో ఇంకో సంగతి ఉంది. విలన్‌కి ఎదుటివాళ్ళ బాధ అర్థం కాదు, వాడికి మనసే లేదు, రాయి అంటుంటారు. స్వార్థపరుడి విషయంలో అది కరెక్టే, వాడు మన మొహం వంక సరిగ్గా చూడను కూడా చూడడు. క్రూరుడు రాయి అయితే వాడి వల్ల పని జరగదు. ఎక్కడ పొడిస్తే ఎక్కువ నొప్పో వాడికి తెలియాలి కదా, అంటే మన ఇష్టాలు, మన భయాలు, మనం ఎవర్ని తల్చుకుంటే ఏడుస్తామో అన్నీ ఒక ఫ్రెండ్‌కి తెలిసినంత బాగా వాడికి తెలిసుండాలి.

ఉదాహరణకి ఒక సీన్ ఊహించుకోండి. అప్పు కింద ఇల్లు జమ చేసుకోడానికి ఒకడు వచ్చాడు. కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు, తాళాలు తీసుకున్నాడు, ముసలాయన్ని సాయంత్రం లోపు ఖాళీ చెయ్యమని చెప్పి ఫోన్ మాట్లాడుకుంటూ కారెక్కి వెళ్ళిపోయాడు. వీడు స్వార్థపరుడు, దుర్మార్గుడు కూడా. ఇప్పుడు ఇంకొకడు వచ్చాడు, ఇంకా పద్ధతిగా వచ్చాడు, నమస్కారం పెట్టాడు, టైం కూడా వారం రోజులు ఎక్కువిచ్చాడు. వెళ్ళబోతూ గేటు పక్కన, ముసలాయన భార్య పేరుతో, పోయిన ఆవిడ పేరుతో ఉన్న బోర్డు చూశాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి ముసలాయన చేతికిచ్చి, మీరే విప్పితే బాగుంటుంది బాబాయ్ గారూ, మీకు సెంటిమెంటు కదా అన్నాడు. నాలుగు స్క్రూలూ ఊడేదాకా అక్కడే నిలబడ్డాడు, ఒకటి తుప్పు పట్టి రాకపోతే తొందరేం లేదండి అన్నాడు. ఇందులో కొట్టింది లేదు, తిట్టింది లేదు, పైగా వారం రోజులు దయ చూపించాడు. ఈ రెండోవాడు మళ్ళీ కథలో కనిపిస్తే మాత్రం మనం సీట్లో సర్దుకుని కూర్చుంటాం.

అలాగని స్వార్థం వల్ల జరిగే నష్టం చిన్నదని నేను అనట్లేదు. కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లు చిన్నపిల్ల సుబ్బిని 1,800 రూపాయలకి లుబ్ధావధాన్లు లాంటి ముసలాడికి కట్టబెట్టాలని చూస్తాడు. పెద్ద కూతురు బుచ్చమ్మని కూడా అలాగే ఇచ్చాడు, ఆవిడ విధవై ఇంట్లోనే కళ్ళ ముందు తిరుగుతోంది, అయినా మళ్ళీ అదే పనికి రెడీ. సుబ్బి వైపు నుంచి చూస్తే అది క్రూరత్వం కాక ఇంకేంటి? కానీ ఆ మనిషిని క్రూరుడు అనాలంటే నాకు నోరు రాదు, ఎందుకంటే ఆయన బుచ్చమ్మ బాధ చూసి ఆనందించట్లేదు, అసలు చూడట్లేదు. ఆయనకి రూపాయలు కనిపిస్తున్నాయి, కోర్టు వ్యాజ్యాలు కనిపిస్తున్నాయి, పిల్ల కనిపించట్లేదు. గిరీశం సంగతి ఇంకా తేలిక, వాడు ఎవర్ని ముంచినా వెనక్కి తిరిగి చూడడు, అందుకే వాణ్ణి చూసి నవ్వగలుగుతున్నాం, ముంచాక ఒడ్డున నిలబడి చూసే రకం అయ్యుంటే ఒక్క డైలాగుకి కూడా నవ్వొచ్చేది కాదు.

ఇటునుంచి అటు దాటేవాళ్ళూ ఉంటారు, కీచకుడు ఉన్నాడుగా. మొదట వాడిది ఉత్త కామం, సైరంధ్రి (మారువేషంలో ఉన్న ద్రౌపది) కావాలి, అంతే. ఆవిడ తప్పించుకుని విరాటుడి సభలోకి పరిగెత్తితే వెనకే వచ్చి అందరి ముందూ తన్నాడు చూడండి, ఆ తన్నుతో వాడికి కావాల్సింది దగ్గరవదు, ఇంకా దూరమవుతుంది. కావాలన్న కోరిక పోయి ఏడిపించాలన్న కోరిక వచ్చింది.

ఈమధ్య వెబ్ సిరీస్‌ల్లో విలన్‌కి ఫ్లాష్‌బ్యాక్ కంపల్సరీ అయిపోయింది, చిన్నప్పుడు వాళ్ళ నాన్న బెల్టుతో కొట్టేవాడు, స్కూల్లో ఏడిపించేవాళ్ళు, అందుకే ఇలా తయారయ్యాడు అని. వాడికి డబ్బు పిచ్చి ఎందుకు, పవర్ పిచ్చి ఎందుకు అంటే అది సరిపోతుందేమో. స్క్రూడ్రైవర్ చేతికిచ్చి ఎందుకు నిలబడ్డాడో మాత్రం బెల్టు చెప్పలేదు. ఆ టైమంతా విలన్ బాల్యం మీద తగలేసే బదులు, వాడు ఏడిపించబోయే మనిషిని మనకి సరిగ్గా పరిచయం చెయ్యమనండి చాలు. ఆ బోర్డు ఎప్పుడు పెట్టారో, ఎవరు రాయించారో ముందే మనకి తెలిసుంటే, విలన్ జేబులో చెయ్యి పెట్టేసరికే మనకి అర్థమైపోతుంది, బీజీఎం కూడా అక్కర్లేదు.