స్విఫ్టా, డిజైరా: మా ఇంటికి కారు ఎంచుకున్న తీరు

మా ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. ఇంట్లో ఐదుగురం. అమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయినప్పటి నుంచి వాకర్ లేనిదే నడవలేదు. ఊరెళ్లినా, ఆసుపత్రికెళ్లినా అది వెంట ఉండాల్సిందే. ఆన్‌రోడ్ ధర, అంటే పన్నులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి, తొమ్మిది లక్షలు దాటకూడదని లెక్క వేసుకుంటే చివరికి రెండు కార్లు మిగిలాయి: మారుతి స్విఫ్ట్, డిజైర్. స్విఫ్ట్ హ్యాచ్‌బ్యాక్, అంటే డిక్కీ వెనక్కి పొడుచుకు రాదు. డిజైర్ సెడాన్, డిక్కీ వెనక విడిగా ఉంటుంది.

ఈ రెండూ అన్నదమ్ముల్లాంటివే. ఇంజన్ ఒకటే, 1197 సీసీ పెట్రోల్. వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, రెండింటికీ 2450 మిల్లీమీటర్లు, వెడల్పు 1735. కాకపోతే స్విఫ్ట్ పొడవు 3860 మిల్లీమీటర్లు, డిజైర్ 3995. డిజైర్ సరిగ్గా నాలుగు మీటర్ల లోపల ఆగడానికి కారణం పన్ను. నాలుగు మీటర్లు మించకుండా, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉంటే చిన్న కారు కింద లెక్క, పన్ను తక్కువ. 2008లో వచ్చిన మొదటి డిజైర్ 4160 మిల్లీమీటర్లు ఉండేది. ఈ పన్ను కోసమే 2012లో డిక్కీ తగ్గించి కురచ చేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకు ముందు సెస్సుతో కలిపి 29 శాతం. మా బడ్జెట్‌లోకి సెడాన్ రాగలిగింది అందువల్లే.

"మన పార్కింగ్‌లో సెడాన్ పట్టదు" అని నాన్న పట్టుబట్టారు. టేపు తెచ్చి గోడకీ పిల్లరుకీ మధ్య కొలిచాను. రెండు కార్ల పొడవులో తేడా పదమూడున్నర సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. టేపు మీద అది చూపించాక ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. వెనక కాళ్ల దగ్గర చోటులోనూ మాకు పెద్ద తేడా అనిపించలేదు. ఇక మిగిలింది డిక్కీ. స్విఫ్ట్‌లో 265 లీటర్లు, డిజైర్‌లో 382.

లీటర్ల లెక్క చూస్తే ఏమీ తెలియదు కాబట్టి వాకర్‌ని షోరూంకే తీసుకెళ్లాం, ఒక పెద్ద సూట్‌కేసుతో సహా. స్విఫ్ట్‌లో మడిచిన వాకర్ నిలువుగా పట్టింది కానీ, పక్కన సూట్‌కేసు పెడితే తలుపు పడలేదు. "వెనక సీటు సగం మడిస్తే బోలెడంత చోటు వస్తుంది సార్" అన్నాడు అక్కడి అబ్బాయి. అది నిజమే, హ్యాచ్‌బ్యాక్‌కి ఉన్న గొప్ప సౌకర్యం అది. కానీ మేం బయల్దేరితే ఐదుగురం ఉంటాం, మా వెనక సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఒకరిద్దరే తిరిగే ఇంటికైతే నేను స్విఫ్టే చెబుతాను. డిజైర్ డిక్కీలో వాకర్ అడుగున పడుకోబెడితే, దాని మీద సూట్‌కేసు, ఊరి నుంచి తెచ్చుకునే బియ్యం బస్తా కూడా పడతాయి. సీఎన్‌జీ, అంటే గ్యాస్‌తో నడిచే బండి సంగతి కూడా ఆలోచించాం. సిలిండర్ వచ్చి డిక్కీలోనే కూర్చుంటుంది, మా తిరుగుడూ తక్కువ. వద్దనుకున్నాం.

తర్వాత ధర. ఆ జీఎస్టీ తగ్గింపు అమల్లోకి వచ్చినప్పుడు స్విఫ్ట్ 5.79 లక్షల దగ్గర, డిజైర్ 6.26 లక్షల దగ్గర మొదలయ్యాయి. మేం చూసిన వీఎక్స్ఐ అనే రకంలో షోరూం ధర తేడా యాభై ఎనిమిది వేలు. లైఫ్ ట్యాక్స్ ధర మీద శాతంగా పడుతుంది, ఇన్సూరెన్సూ కారు విలువని బట్టే ఉంటుంది. దాంతో ఆన్‌రోడ్‌లో ఆ తేడా అరవై ఐదు వేలు దాటింది. డిక్కీకి నేను నిజంగా కట్టేది అంత అని తెలిశాకే డిజైర్‌కి ఒప్పుకున్నాను.

కొటేషన్ విజయవాడలో, గుంటూరులో కూడా తీసుకున్నాను. షోరూం ధర, పన్ను రెండు చోట్లా ఒకటే. డిస్కౌంట్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్ దగ్గరే తేడా. ఒక చోట కేవలం మొత్తం అంకె రాసిచ్చారు. విడివిడిగా రాసివ్వమని కూర్చుంటే అందులో "హ్యాండ్లింగ్" అని ఒక లైను బయటపడింది. అది దేనికో చెప్పమని గట్టిగా అడిగితే తీసేశారు. ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న నియమం లేదు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకి థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్, మూడేళ్లకి కలిపి తీసుకోవాలి, సొంత కారు డ్యామేజీకి ఏడాదికి చాలు. అదే కవరేజీ, జీరో డెప్ (పార్టుల తరుగుదల కోయకుండా డబ్బిచ్చేది) తో సహా, బయట అడిగి ఆ రేటు చూపిస్తే వాళ్లూ దిగివచ్చారు. సీటు కవర్లు, మ్యాట్లు ఆ బిల్లులో వేయించలేదు, ఆటోనగర్‌లో కుట్టించాం.

డబ్బంతా కట్టే ముందు యార్డుకి వెళ్లి ఛాసిస్ నంబరు, తయారైన నెల, టైర్లు, పెయింటు చూసుకున్నాం. రిజిస్ట్రేషన్ అయిపోయాక ఏదైనా కనిపిస్తే బండి మార్చమని అడగడం కష్టం, అందుకే ఆ పని ముందే పెట్టుకోవాలి.  మైలేజీ బందరు రోడ్డు ట్రాఫిక్‌లో పదహారు దాకా, గుంటూరు హైవే మీద ఇరవై పైనే ఇస్తోంది.