ఆఖరి ఊరికి చేరే ఉత్తరం ఖర్చు ఎవరిది? మెయిన్స్ కోసం తపాలా శాఖను చదివిన తీరు

తపాలా శాఖ గురించి ప్రత్యేకంగా చదివేదేముంది, అందరికీ తెలిసిందే కదా అని మెయిన్స్ రాసేవాళ్లలో చాలామంది దాన్ని వదిలేస్తారు. నేను సరిగ్గా ఆ కారణంతోనే దాన్ని పట్టుకున్నాను. అందరికీ తెలుసనుకునే విషయం మీద ప్రశ్న వస్తే జవాబులన్నీ ఒకే మూసలో ఉంటాయి. ఘనమైన చరిత్ర ఒక పేరా, కొత్త సేవల జాబితా ఒక పేరా, ఆధునికీకరణ జరగాలనే ముక్తాయింపు. అక్కడ కాస్త ఆలోచన చూపించినా మార్కులు రాబట్టుకోవచ్చు. పైగా ఈ అంశం పాలిటీకి, ఎకానమీకి, పరిపాలనకు, వ్యాసం పేపరుకు కూడా అక్కరకొస్తుంది. సివిల్స్‌కూ గ్రూప్-1కూ కలిపి చదివేవాళ్లకు ఇలాంటివి అరుదుగా దొరుకుతాయి. అందుకే నేను ఏం చదివానో, ఎక్కడ ఎక్కువసేపు ఆగానో రాస్తున్నాను.

మొదలు రాజ్యాంగంతో పెట్టాను. ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 31వ అంశం తపాలా, టెలిగ్రాఫ్, టెలిఫోన్లు వగైరా. ఇది అందరూ రాస్తారు. అదే జాబితాలో పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు 39వ అంశంగా విడిగా ఉందన్న సంగతి చాలా జవాబుల్లో కనిపించదు. ఉత్తరాలు మోయడం వేరు, జనం పొదుపును దాచడం వేరు అని రాజ్యాంగమే విడదీసి చూసింది. ఈ తేడాను నోట్స్ మొదటి పేజీలోనే రాసుకోండి, తర్వాత చాలాచోట్ల పనికొస్తుంది.

ఆ తర్వాత కోచింగ్ మెటీరియల్ పక్కన పెట్టి 2023 నాటి పోస్టాఫీసు చట్టాన్నే చదివాను. చాలా చిన్న చట్టం, ఒక సాయంత్రం సరిపోతుంది. 1898 నాటి పాత చట్టం స్థానంలో ఇది 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఏది పోయింది, ఏది మిగిలింది అని చూడటమే సగం ప్రిపరేషన్. పాత చట్టం నాలుగో సెక్షన్ ఉత్తరాలు చేరవేసే హక్కును ప్రభుత్వానికి మాత్రమే ఇచ్చింది. కొరియర్ కంపెనీలు దశాబ్దాలుగా పనిచేస్తున్నా కాగితం మీద ఆ గుత్తాధిపత్యం అలాగే ఉండిపోయింది. కొత్త చట్టంలో అది లేదు. సేవల ధరలపై నిబంధనలు రూపొందించే అధికారం డైరెక్టర్ జనరల్‌కు దక్కింది. అంటే శాఖ మార్కెట్లోకి దిగడానికి దారి తెరిచారు.

మిగిలినవాటిలో రెండింటి దగ్గర ఆగాలి. తొమ్మిదో సెక్షన్ ప్రకారం దేశ భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజా శాంతి, అత్యవసర పరిస్థితి, ప్రజా భద్రత వంటి కారణాలతో తపాలాను మధ్యలో ఆపి, తెరిచి చూడవచ్చు. అత్యవసర పరిస్థితి అంటే ఏమిటో చట్టంలో నిర్వచనం లేదు. ఆ అధికారం వాడినప్పుడు ఎవరు సమీక్షించాలో కూడా చట్టంలో రాయలేదు. ఫోన్ ట్యాపింగ్ మీద పౌర హక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు సమీక్షా కమిటీలు ఉండాలంది. 2017 పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. ఈ రెండు తీర్పుల పక్కన తొమ్మిదో సెక్షన్‌ను పెట్టి చూస్తే విమర్శ దానంతటదే తయారవుతుంది. ఇక్కడే పాలిటీలో మనమంతా బట్టీపట్టే పాకెట్ వీటో ఉదాహరణను కూడా కలపవచ్చు. 1986 తపాలా సవరణ బిల్లు ఉత్తరాలను తెరిచే అధికారాన్ని విస్తరించాలని చూసింది. పార్లమెంటు ఆమోదించినా రాష్ట్రపతి జైల్ సింగ్ దాన్ని సంతకం చేయకుండా, వెనక్కి పంపకుండా అట్టే పెట్టేశారు. 2002లో ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. పాకెట్ వీటో అంటే ఏమిటో చాలామందికి తెలుసు గానీ, ఆ బిల్లు దేని గురించో అడిగితే తడుముకుంటారు.

రెండోది పదో సెక్షన్, బాధ్యత నుంచి మినహాయింపు. నిబంధనల్లో చెప్పిన మేరకు తప్ప వస్తువు పోయినా ఆలస్యమైనా శాఖది బాధ్యత కాదు. ఎంత బాధ్యత వహించాలో ఆ నిబంధనలు రాసేదీ ప్రభుత్వమే. అదే పార్సిల్‌ను ప్రైవేటు కొరియర్ పోగొడితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. గుత్తాధిపత్యం వదులుకుని పోటీకి దిగిన సంస్థ, పోటీదారులకు లేని రక్షణ కవచాన్ని మాత్రం వదులుకోలేదు. ఇది నాకు సమంజసంగా తోచలేదు, జవాబులో కూడా అలాగే రాశాను. మనకంటూ ఒక అభిప్రాయం ఉండటంలో తప్పు లేదు, దాని వెనుక సెక్షన్ నంబరు ఉంటే చాలు.

చరిత్రను ఒక్క సంవత్సరం దగ్గర కట్టెయ్యమని నా సలహా. 1854. గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో వచ్చిన ఆ ఏటి చట్టంతో దూరంతో సంబంధం లేకుండా ఉత్తరానికి ఒకే రేటు వచ్చింది, తేలికపాటి ఉత్తరానికి అర్ధణా. దేశమంతటా చెల్లే స్టాంపులూ అదే ఏడాది వచ్చాయి. దీన్ని తేదీగా కాక ఆర్థిక సూత్రంగా చదవండి. పక్క వీధికి వెళ్లే ఉత్తరానికీ, వెయ్యి మైళ్ల అవతల కొండ మీది ఊరికి వెళ్లే ఉత్తరానికీ ఒకే రేటు అంటే, మొదటి దాని మీద మిగిలిన డబ్బుతో రెండో దాని లోటు పూడుతుందని అర్థం. దీన్నే సార్వత్రిక సేవా బాధ్యత అంటున్నాం. ప్రైవేటు కొరియర్లు వచ్చి లాభసాటి నగరాల ఉత్తరాలను తీసుకుపోయాయి. ఫోను, ఈమెయిలు వచ్చి మిగతా ఉత్తరాలను తగ్గించేశాయి. మిగులు పోయింది, కొండ మీది ఊరు అలాగే ఉంది. తపాలా సంస్కరణ అనే ప్రశ్నంతా ఇంతే: ఆ ఆఖరి ఊరి ఖర్చు ఇప్పుడు ఎవరు భరించాలి? పోస్టుకార్డు ధర ఏళ్ల తరబడి 50 పైసల దగ్గరే నిలిచిపోయింది, దాన్ని చేరవేయడానికి అయ్యే ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. నేను రాసిన ప్రతి జవాబులోనూ వెన్నెముక ఈ ప్రశ్నే.

పిన్‌కోడ్ ఎక్కువసేపు చదవాల్సినది కాదు. మొదలైంది 1972 ఆగస్టు 15న, రూపకర్త శ్రీరాం భికాజీ వేలణ్‌కర్, ఆరు అంకెలు, తెలుగు రాష్ట్రాలకు కర్ణాటకతో కలిపి మొదటి అంకె 5. ప్రిలిమ్స్‌కు ఇంతకు మించి అక్కర్లేదు.

డబ్బు సంగతి మాత్రం నిదానంగా చదవాలి. పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు 1882లో, పోస్టల్ జీవిత బీమా 1884లో మొదలయ్యాయి. పోస్టాఫీసులో జనం దాచుకున్న సొమ్ము తపాలా శాఖది కాదు. అది 1999లో ఏర్పడ్డ జాతీయ చిన్న మొత్తాల పొదుపు నిధికి వెళ్తుంది. శాఖ ఆర్థిక మంత్రిత్వ శాఖకు ఏజెంటు మాత్రమే, ఖాతాలు నడిపినందుకు ప్రతిఫలం తీసుకుంటుంది. 39వ అంశం విడిగా ఉందని మొదట్లో చెప్పింది ఇందుకే. దీనికి తోడు 2018 సెప్టెంబరు 1న ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు దేశమంతటా మొదలైంది. ఇది రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉండే వేరే సంస్థ. రెండు లక్షల రూపాయలకు మించి డిపాజిట్ ఉంచుకోలేదు, అప్పులు ఇవ్వలేదు. ఒకే కౌంటరు దగ్గర, ఒకే మనిషి చేతుల మీదుగా, రెండు వేర్వేరు యజమానుల బ్యాంకులు నడుస్తున్నాయన్నమాట. ఆర్థిక సమ్మిళితం, అంటే అందరికీ బ్యాంకు సేవలు అందించడం గురించి అడిగితే 'పోస్టాఫీసు బ్యాంకుగా మారింది' అని ఊరికే రాసేయకండి. అప్పు ఇవ్వలేని బ్యాంకు పొదుపును ఊరి నుంచి బయటికి తీసుకెళ్తుంది గానీ, ఊరికి పెట్టుబడిని తీసుకురాలేదు. ఈ ఒక్క వాక్యం మీద మా చదువుల బృందంలో పెద్ద గొడవే జరిగింది. సొమ్ము బయటికి పోతుందన్న మాట ఒప్పుకోనని, నగదు బదిలీలన్నీ లోపలికే కదా వచ్చేదని ఒక మిత్రురాలు వాదించింది. ఆమె వాదన కూడా నోట్స్‌లోకి ఎక్కింది, ఎందుకంటే మంచి జవాబుకు రెండో పక్క కావాలి.

ఈ వ్యవస్థను మోసేది గ్రామీణ డాక్ సేవకులు. దేశంలో సుమారు 1.64 లక్షల పోస్టాఫీసులున్నాయి, వాటిలో దాదాపు 90 శాతం గ్రామాల్లోనివే. అక్కడ పనిచేసే బ్రాంచి పోస్ట్‌మాస్టర్లు, వారి సహాయకులు రెగ్యులర్ ఉద్యోగులు కారు. రోజుకు నాలుగైదు గంటల పని లెక్క, దానికి తగ్గ భత్యం. వీళ్ల భత్యాలపై వేసిన కమలేశ్ చంద్ర కమిటీ తర్వాత 2018లో బ్రాంచి పోస్ట్‌మాస్టరు కనీస భత్యం నాలుగు గంటల పనికి 12,000 రూపాయలైంది. 1977లోనే రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు, శాఖేతర ఏజెంట్లుగా పిలిచే వీళ్లవి సివిల్ పోస్టులేనని, విచారణ లేకుండా తొలగించకూడదనే 311వ అధికరణ రక్షణ వర్తిస్తుందని చెప్పింది. అయినా పే కమిషన్ పరిధి వేరు, వీళ్ల కమిటీలు వేరు. బ్యాంకు, బీమా, ఆధార్, పార్సిల్ అని కొత్త పని ఏది వచ్చినా చివరికి ఆ నాలుగు గంటల మనిషి మీదే పడుతుంది. డాక్ సేవకుల మాట లేని సంస్కరణల జవాబు నాకు డొల్లగా అనిపిస్తుంది. వీలైతే ఏదైనా గ్రామ బ్రాంచి పోస్టాఫీసుకు వెళ్లి కాసేపు కూర్చోండి. నేను వెళ్లినచోట పోస్ట్‌మాస్టరు గారు ఉత్తరాల గురించి కన్నా సిగ్నల్ గురించి, వేలిముద్రలు పడని వృద్ధుల గురించి ఎక్కువ చెప్పారు.

విదేశాల ఉదాహరణలు నాలుగు చాలు, కానీ ఒక్కొక్కటి దేనికి వాడుతున్నామో తెలిసి వాడాలి. జర్మనీ తపాలాను 1995లో కంపెనీగా మార్చింది, 2000లో షేర్లు మార్కెట్లోకి వచ్చాయి, 2002 నాటికి సరుకు రవాణా కంపెనీ డీహెచ్ఎల్ పూర్తిగా దాని చేతికొచ్చింది. ఉత్తరాల సంస్థ సరుకు రవాణా సంస్థగా మారగలదనడానికి ఇది సాక్ష్యం. జపాన్‌లో ప్రధాని కొయిజుమి 2005లో తపాలా ప్రైవేటీకరణ కోసం దిగువ సభనే రద్దు చేసి ఎన్నికలకు వెళ్లారు. తపాలా సంస్కరణ ఎంత రాజకీయమో చెప్పడానికి ఇది చాలు. డెన్మార్క్‌లో 2000 తర్వాత ఉత్తరాలు 90 శాతానికి పైగా తగ్గిపోవడంతో 2025 చివర్లో అక్కడి తపాలా సంస్థ పోస్ట్‌నార్డ్ ఉత్తరాల బట్వాడాను ఆపేసింది.

నాలుగోది బ్రిటన్. అందరూ 2013 రాయల్ మెయిల్ ప్రైవేటీకరణను రాస్తారు. నేను హొరైజన్‌ను రాశాను. కౌంటర్ల లెక్కలకు 1999 నుంచి వాడిన ఆ సాఫ్ట్‌వేర్ లేని లోటును చూపిస్తే, 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లు దొంగతనం, మోసం వంటి నేరాల కింద దోషులుగా తేలారు. వారిలో చాలామందిపై కేసులు పెట్టింది పోస్టాఫీసు సంస్థే. చివరికి 2024లో పార్లమెంటు చట్టం చేసి ఆ శిక్షలను రద్దు చేయాల్సి వచ్చింది. మన శాఖ 2025లో సొంత సాంకేతిక వ్యవస్థకు దేశమంతటా మారింది. సాఫ్ట్‌వేర్ లెక్కకూ మనిషి లెక్కకూ తేడా వచ్చినప్పుడు డాక్ సేవకుడి మాట వినే వేదిక ఏది? సాంకేతిక సంస్కరణ అనగానే పొగడ్తలు రాసే అలవాటుకు ఈ ప్రశ్న మంచి విరుగుడు.

ఇక మనవాళ్లు ఏమన్నారు? టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కార్యదళం 2014లో ఒక హోల్డింగ్ కంపెనీ, దాని కింద వేర్వేరు వ్యాపార సంస్థలు ఉండాలని సూచించింది. 2025-26 బడ్జెట్ ప్రసంగం 1.5 లక్షల గ్రామీణ పోస్టాఫీసులు, 2.4 లక్షల డాక్ సేవకుల బలంతో శాఖను పెద్ద ప్రభుత్వ లాజిస్టిక్స్ సంస్థగా మారుస్తామంది. నా అభిప్రాయం వేరు. ముందు గ్రామీణ సేవకయ్యే అదనపు ఖర్చును విడిగా లెక్కగట్టి, బడ్జెట్‌లో ఆ పేరుతోనే చూపించాలి. అప్పుడు మిగతా వ్యాపారం లాభంలో ఉందో నష్టంలో ఉందో తెలుస్తుంది. ఇప్పుడు రెండూ కలిసిపోయి, అసమర్థతకు సామాజిక బాధ్యత ముసుగవుతోంది, సామాజిక బాధ్యతేమో నష్టంలా కనిపిస్తోంది.

మాక్ ఇంటర్వ్యూలో దీన్నే తిరగేసి అడిగారు: ఆదాయం లేని బ్రాంచీలు మూసేస్తే తప్పేమిటి? తెలంగాణ పల్లెల్లో ఆసరా పింఛన్ల సొమ్ము పోస్టాఫీసుల ద్వారా అందుతోందని చెప్పాను. వెంటనే, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయ సిబ్బంది ఇంటికే వెళ్లి ఇస్తున్నారు కదా, అక్కడ పోస్టాఫీసు దేనికన్నారు. పదునైన ప్రశ్న. రాష్ట్రం మారినా, పథకం మారినా కదలకుండా ఉండే కేంద్ర వ్యవస్థ ఒకటి ఉండటం విలువైనదని, అయితే ఒకే పనికి రెండు యంత్రాంగాలు పోషించడం మాత్రం సమర్థించలేనని అన్నాను. ఇలా సగం ఒప్పుకుని సగం నిలబడితే బోర్డు సంభాషణను ముందుకు తీసుకెళ్తుంది.

కరెంట్ అఫైర్స్‌లో రెండు గమనిస్తూ ఉండండి. ఒకటి 2025 మేలో వచ్చిన డిజిపిన్ అనే డిజిటల్ చిరునామా. ఐఐటీ హైదరాబాద్, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్సీ) సాయంతో దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విభజించి, ఒక్కో గడికి పది అక్షరాల సంకేతం ఇచ్చారు. రెండోది రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేయడం. 1897 జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, సరైన చిరునామాతో రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు అందినట్టే భావిస్తారు. విలీనం తర్వాత ఆ సెక్షన్‌ను ఎలా చదవాలి, పాత చట్టాల్లో ఉన్న 'రిజిస్టర్డ్ పోస్టు' అనే మాటను సవరించాలా వద్దా? 150 పదాల్లో జవాబు రాసి, పక్కవాళ్లతో దిద్దించుకోండి.